‘స్ట్రీట్ ఫైటర్ 2’: కొత్తగా నేర్చుకొనదలచినవారికి ఒక పరిచయం

1990ల దశకంలో మన సరిహద్దు పట్టణాలలో పెరిగినవారికి వీడియో గేమ్ దుకాణం అపరిచితమైన స్థలం కాదు. నాణెమో, దుకాణదారు ఇచ్చిన బిళ్ళయో వేసి, నిలుచుండి ఆడే పెద్ద పెట్టెలు అక్కడ ఉండేవి. పిల్లలు ‘ముస్తఫా ఆట’ అని పిలుచుకొన్న ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ 1993లో వెలువడినది. దానిని రూపొందించిన జపాను సంస్థ క్యాప్‌కామ్, అంతకు రెండేళ్ళ మునుపే, అనగా 1991లో, ‘స్ట్రీట్ ఫైటర్ 2’ అనే మరొక ఆటను విడుదల చేసింది. ముస్తఫా ఆటలో మిత్రులు కలసి యంత్రంతో పోరాడతారు. స్ట్రీట్ ఫైటర్‌లో మిత్రులిద్దరూ ఒకరితో ఒకరు తలపడతారు. పైకి చిన్నదిగా కనిపించే ఈ భేదమే రెండవ ఆటకు మూడు దశాబ్దాలు దాటిన ఆయుష్షును ప్రసాదించింది.

యంత్రంతో ఆడే ఆటకు ముగింపు ఉంటుంది. దాని ఎత్తుగడలన్నీ ఒకసారి తెలిసిపోయిన తరువాత కొత్తదనం మిగలదు. ఎదుట మనిషి ఉన్నప్పుడు అట్లా కాదు. చదరంగంలో పలక మారదు, పావులు మారవు, ఎదుటివారి ఆలోచన మారుతుంది. స్ట్రీట్ ఫైటర్‌లోనూ యంత్రం పలక వంటిది మాత్రమే. ఈ ఆటను నేర్చుకోవడమంటే ఎదుటి మనిషి మనస్సును చదవడం నేర్చుకోవడమే. ఆ దృష్టితో ఆట చరిత్రను, ప్రాథమిక పాఠాలను, దాని చుట్టూ ఏర్పడిన క్రీడాకారుల సమాజాన్ని ఈ వ్యాసంలో పరిచయం చేస్తున్నాము.

చరిత్ర

క్యాప్‌కామ్ సంస్థ ‘స్ట్రీట్ ఫైటర్’ పేరుతో తొలి ఆటను 1987లో విడుదల చేసింది. ర్యూ, కెన్ అనే ఇద్దరు యోధులు మనకు మొదట పరిచయమైనది అందులోనే. అయితే ఆ ఆటకు లభించిన ఆదరణ పరిమితమైనది. దాని తరువాతి భాగాన్ని అకిరా నిషితాని, అకిరా యసుదా ప్రధానంగా తీర్చిదిద్దారు. సంగీతంలో అధిక భాగం యోకో షిమొమురా అనే యువ స్వరకర్త్రి సమకూర్చినది. 1991లో వెలువడిన ఆ రెండవ భాగంలో ఎంచుకొనుటకు ఎనిమిది మంది యోధులు ఉన్నారు: ర్యూ, కెన్, చున్-లీ, గైల్, ఇ. హోండా, బ్లాంకా, జాంగీఫ్, ధాల్సిమ్. ప్రతి ఒక్కరి కదలిక, వేగం, బలం, బలహీనత వేర్వేరు. ఇంతటి వైవిధ్యం అంతకు మునుపు ఏ పోరాట క్రీడలోనూ లేదు.

ఆ తరువాత మూడేళ్ళలో ఇదే ఆటకు నాలుగు సవరించిన రూపాలు వచ్చాయి. 1992లో వచ్చిన ‘ఛాంపియన్ ఎడిషన్’లో ఇద్దరూ ఒకే పాత్రను ఎంచుకొనే వీలు కలిగింది. అంతవరకు యంత్రం మాత్రమే ఆడించిన నలుగురు ప్రతినాయకులు కూడా ఆటగాళ్ళ చేతికి వచ్చారు. అదే సంవత్సరాంతాన వచ్చిన ‘హైపర్ ఫైటింగ్’ ఆట వేగాన్ని పెంచింది. 1993లో వచ్చిన ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2’ మరో నలుగురిని చేర్చి పాత్రల సంఖ్యను 16కు పెంచింది. 1994లో వెలువడిన ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’ వీటిలో చివరిది. నేటికీ పోటీలలో ఎక్కువగా ఆడేది ఈ చివరి రూపమే. అకూమా అనే రహస్య పాత్ర ఇందులో ఉన్నప్పటికీ, అతడి బలం మితిమీరినది కనుక పోటీలలో అతడిని ఎంచుకొనకపోవడం ఆనవాయితీ.

ఆట ప్రజాదరణకు ఒక్క లెక్క చాలును. 1992లో ఇంటి టీవీకి తగిలించి ఆడే సూపర్ నింటెండో యంత్రం కోసం విడుదలైన తొలి రూపమే 63 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ‘హైపర్ ఫైటింగ్’ లేదా ‘సూపర్ టర్బో’లలో ఒకదానిని ఎంచుకొనడం మంచిది. మొదటిది సరళమైనది. రెండవదానిలో ప్రత్యర్థులు ఎక్కువగా దొరుకుతారు.

ఒకే మనిషికి రెండు పేర్లు

కొత్తవారిని మొదట తికమక పెట్టేది పేర్ల వ్యవహారం. ప్రతినాయకులలో ఒకడైన పిడియుద్ధకారుడికి జపానులో ‘ఎం. బైసన్’ అని పేరు పెట్టారు. ఆ పేరు, ఆ రూపం అమెరికా బాక్సింగ్ వీరుడు మైక్ టైసన్‌ను గుర్తుకు తెచ్చేవి. వ్యాజ్యం వస్తుందేమోనన్న సంకోచంతో, విదేశాలకు పంపే ప్రతులలో ముగ్గురి పేర్లను గుండ్రంగా తిప్పివేశారు. జపానులో ‘ఎం. బైసన్’ అయిన పిడియుద్ధకారుడు ఇతర దేశాలలో ‘బాల్‌రాగ్’ అయ్యాడు. జపానులో ‘బాల్‌రాగ్’ అయిన స్పెయిన్ దేశపు గోళ్ళ యోధుడు బయట ‘వేగా’ అయ్యాడు. జపానులో ‘వేగా’ అయిన నియంత బయట ‘ఎం. బైసన్’ అయ్యాడు.

కనుక ఒక జపాను ఆటగాడు, ఒక అమెరికా ఆటగాడు ‘వేగా’ అని అంటే ఇద్దరి మనస్సులలోనూ వేర్వేరు మనుషులు మెదలుతారు. బరంపురాన్ని ఒడియాలో బ్రహ్మపుర్ అని, పర్లాకిమిడిని పారళాఖెముండి అని వ్రాయడం చూస్తూ పెరిగిన మన పాఠకులకు ఈ చిక్కు కొత్తది కాదు. ఆటగాళ్ళు దీనికి ఎవరి అనుమతీ అడుగకుండా తామే పరిష్కారం కనుగొన్నారు. పేర్లను విడిచిపెట్టి, కనిపించే రూపాన్ని బట్టి ఆ ముగ్గురినీ ‘బాక్సర్’, ‘క్లా’ (గోళ్ళవాడు), ‘డిక్టేటర్’ (నియంత) అని పిలువసాగారు. ఏ దేశపు ఆటగాడితో మాట్లాడినా ఈ మూడు మాటలు చెల్లుతాయి.

మీట, ఆరు బటన్లు

ఆటపెట్టెపై ఎడమచేతికి ఒక మీట ఉంటుంది. దీనినే జాయ్‌స్టిక్ అంటారు. ఇది ఎనిమిది దిక్కులకు కదులుతుంది. కుడిచేతికి ఆరు బటన్లు రెండు వరుసలలో ఉంటాయి. పై వరుసలోని మూడు పిడిగుద్దులకు, క్రింది వరుసలోని మూడు తన్నులకు. ప్రతి వరుసలోనూ ఎడమ నుండి కుడికి తేలిక, మధ్యమ, బలమైన దెబ్బలు వస్తాయి. తేలిక దెబ్బ త్వరగా తగులుతుంది కాని నష్టం తక్కువ. బలమైన దెబ్బ ఎక్కువ నష్టం చేస్తుంది కాని చేతిని వెనుకకు తీసుకొనడానికి సమయం పడుతుంది. ఆ విరామంలో ప్రత్యర్థి కొట్టగలడు. బలానికి, వేగానికి మధ్య ఈ బేరమే ఆటంతటికీ మూలం.

తెరపైభాగాన ఇద్దరి ప్రాణశక్తిని చూపే పసుపు పట్టీలు, వాటి నడుమ 99 నుండి తగ్గుతూ వచ్చే అంకె ఉంటాయి. ఒకరి పట్టీ పూర్తిగా ఖాళీ అయినా, సమయం ముగిసేసరికి ఒకరికి తక్కువ మిగిలినా ఆ సుత్తు ముగుస్తుంది. మూడింటిలో రెండు గెలిచినవారిది విజయం.

అంకెలతో వ్రాసే భాష

ప్రత్యేక దెబ్బలకు మీటను ఒక క్రమంలో త్రిప్పి బటన్ నొక్కవలసి ఉంటుంది. ఈ క్రమాలను వ్రాసిపెట్టుకొనడానికి జపాను ఆటగాళ్ళు ఒక చక్కని పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. కంప్యూటరు కీబోర్డు కుడిప్రక్కనున్న అంకెల మీటలను తలచుకొనండి. 5 నడుమ ఉంటుంది, అనగా మీటను కదల్చనట్లు. 8 పైకి, 2 క్రిందికి, 4 వెనుకకు, 6 ముందుకు. 1, 3, 7, 9 మూలలకు. ఫోనులోని అంకెల అమరికను మాత్రం అనుసరించరాదు. అందులో 1, 2, 3 పైవరుసలో ఉంటాయి కనుక అంతా తలక్రిందులవుతుంది.

మన యోధుడు కుడివైపు చూస్తున్నాడనుకొని ముఖ్యమైన క్రమాలు ఇవి:

హడోకెన్ (ర్యూ, కెన్ చేతుల నుండి వెలువడే శక్తిగోళం): 2, 3, 6, గుద్దు.
షోర్యూకెన్ (పైకి ఎగురుతూ కొట్టే గుద్దు): 6, 2, 3, గుద్దు.
సుడిగాలి తన్ను (ర్యూ, కెన్): 2, 1, 4, తన్ను.
సోనిక్ బూమ్ (గైల్): 4 దిక్కులో సుమారు ఒక సెకను పట్టి ఉంచి, 6, గుద్దు.
యోగా ఫ్లేమ్ (ధాల్సిమ్): 4, 1, 2, 3, 6, గుద్దు.

ప్రత్యర్థి మనపై నుండి దూకి అటువైపు చేరితే దిక్కులు తారుమారవుతాయి. అప్పుడు ముందు వెనుకగా, వెనుక ముందుగా భావించాలి. అందువల్ల ప్రతి క్రమాన్నీ రెండు వైపుల నుండీ సాధన చేయడం అవసరం. కొత్తవారిలో చాలామంది ఒకవైపే సాధన చేసి, పోటీలో మరొకవైపుకు వెళ్ళగానే చేతులు కట్టివేసినట్లు నిలిచిపోతారు.

ఈ అంకెల భాషకు దేశభేదం లేదు. ‘236’ అని వ్రాస్తే జపాను, కొరియా, బ్రెజిల్, భారత దేశాల ఆటగాళ్ళందరూ ఒకే అర్థం గ్రహిస్తారు.

కాచుకొనుట, కొట్టుట, విసరుట

దెబ్బ వస్తున్నప్పుడు మీటను వెనుకకు పట్టి ఉంచితే యోధుడు కాచుకొంటాడు. ఇందులో రెండు రకాలు. నిలుచుండి కాచుకొంటే ఎగిరివచ్చే దెబ్బలు ఆగుతాయి, కాళ్ళను తాకే దెబ్బలు ఆగవు. వంగి, అనగా 1 దిక్కులో మీటను ఉంచి కాచుకొంటే కాళ్ళను తాకే దెబ్బలు ఆగుతాయి, ఎగిరివచ్చేవి ఆగవు. మామూలు దెబ్బను కాచుకొంటే నష్టం ఉండదు. హడోకెన్ వంటి ప్రత్యేక దెబ్బను కాచుకొన్నా కొద్దిపాటి ప్రాణశక్తి తరుగుతుంది.

ఎల్లప్పుడూ కాచుకొని కూర్చుంటే సరిపోతుందా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. దానికి సమాధానమే విసరడం. ప్రత్యర్థికి అతి దగ్గరగా వెళ్ళి మీటను ముందుకో వెనుకకో పట్టి, మధ్యమ లేదా బలమైన బటన్ నొక్కితే మన యోధుడు అతడిని పట్టి విసరివేస్తాడు. కాచుకొనడం దీనిని ఆపలేదు. ఈ విధంగా ముక్కోణం ఏర్పడుతుంది. కొట్టేవాడిని కాచుకొనేవాడు ఓర్చుకొంటాడు. కాచుకొనేవాడిని విసరేవాడు ఓడిస్తాడు. విసరడానికి దగ్గరకు వచ్చేవాడిని కొట్టేవాడు ఆపుతాడు. ప్రత్యర్థి ఈ మూడింటిలో ఏది చేయబోతున్నాడో ఊహించడమే ఆట.

తొలినాళ్ళలో అనేక ఆటశాలలలో విసరడాన్ని అన్యాయమని నిందించేవారు. విసరితే తగవులు కూడా జరిగేవి. కాలక్రమాన పోటీల సమాజం ఒక నియమానికి వచ్చింది: ఆట అనుమతించినదంతా న్యాయమే, నిషేధించదలచినది ఏదైనా ఉంటే దానిని అందరికీ ముందుగా చెప్పాలి. ‘సూపర్ టర్బో’లో విసరబడుతున్నప్పుడు వెంటనే తానూ విసరే ప్రయత్నం చేస్తే నష్టం తగ్గే సదుపాయం కల్పించారు.

గోళము, గుద్దు: మొదటి వ్యూహం

ర్యూను తీసుకొని మొదటి వ్యూహాన్ని పరిశీలిద్దాము. దూరం నుండి హడోకెన్ వదిలితే ప్రత్యర్థికి మూడు దారులు ఉంటాయి. కాచుకొనవచ్చు, కాని కొంత ప్రాణశక్తి పోతుంది. తన వద్దనున్న గోళాన్ని వదలి దీనిని ఢీకొట్టించవచ్చు, అప్పుడు రెండూ మాయమవుతాయి. లేదా గోళం పైనుండి మనమీదికి దూకవచ్చు. దూకినవాడు గాలిలో ఉండగా కాచుకొనలేడు. ఆ క్షణానికి సిద్ధంగా ఉండి షోర్యూకెన్ ప్రయోగిస్తే అతడు నేలకూలుతాడు.

ఇక్కడే లోతు మొదలవుతుంది. రెండుసార్లు నేలకూలిన ప్రత్యర్థి మూడవసారి దూకడు. దూకుతాడని నమ్మి మనం వృథాగా షోర్యూకెన్ వేస్తే, క్రిందికి దిగేలోపు అతడే మనను కొడతాడు. గోళం వేగాన్ని కూడా మార్చవచ్చు. తేలిక గుద్దుతో వదిలిన గోళం నెమ్మదిగా వెళ్తుంది, బలమైన గుద్దుతో వదిలినది వేగంగా వెళ్తుంది. తెరపై ఒకసారి ఒక గోళమే ఉండగలదు కనుక, నెమ్మది గోళాన్ని వదలి దాని వెనుకనే నడిచి ముందుకు చొచ్చుకొనిపోవడం ఒక నేర్పు.

చెడుగుడులో గీత దాటిన ఆటగాడు ఎంత దూరం వెళ్తే పట్టుబడతాడో అనుభవంతో తెలుసుకొంటాడు. ఈ ఆటలోనూ ప్రత్యర్థి తన్ను చేరే దూరానికి ఒక్క అడుగు వెలుపల నిలవడం అలవడాలి. అతడు కొట్టి తప్పినప్పుడు చాచిన కాలును తిరిగి కొట్టాలి. దీనిని ఆటగాళ్ళు ‘ఫుట్‌సీస్’ అంటారు. హంగులేమీ లేకపోయినా, నిపుణుడికి, సామాన్యుడికి భేదం కనిపించేది ఇక్కడే.

కాంబో

ఒక దెబ్బ తగిలి ప్రత్యర్థి తేరుకొనకముందే మరొకటి తగిలించి, నడుమ కాచుకొనే అవకాశం లేకుండా చేయడాన్ని కాంబో అంటారు. నేడు ప్రతి పోరాట క్రీడలోనూ ఉండే ఈ అంశం మొదట అనుకొని చేసినది కాదు. ఆటలో కారును పగులగొట్టే ప్రత్యేక ఘట్టాన్ని పరిశీలిస్తున్నప్పుడు, ఒక దెబ్బ వెంట మరొకటి చొప్పించవచ్చునని తయారీ బృందంలోని నొరిటాకా ఫునామిజు గమనించారు. అది ఎవరికీ అంత సులభంగా సాధ్యం కాదని భావించి అట్లే వదలివేశారు. ఆటగాళ్ళు మాత్రం దానిని కనుగొని, సాధన చేసి, ఒక విద్యగా మార్చివేశారు. తయారీదారు వదలిన దానిలో ఆడేవారు అంతకు మించినదానిని వెదకి తీయడం ఈ ఆట చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

మొదట నేర్వదగిన కాంబో ర్యూది: దూకి బలమైన తన్ను, నేలకు దిగగానే వంగి మధ్యమ తన్ను, ఆ తన్ను తగిలిన వెంటనే హడోకెన్. మూడూ ఒకే తాళంలో పడాలి.

ఎవరిని ఎంచుకొనాలి?

ఆరంభకులకు ర్యూ ఉత్తముడు. గోళం, పైకెగిరే గుద్దు, మంచి తన్నులు అన్నీ ఉన్నాయి కనుక ఆట నియమాలన్నీ అతడితోనే తెలుస్తాయి. ఓపిక గలవారికి గైల్ తగినవాడు. మీటను వెనుకకు పట్టి వేచి ఉండే స్వభావం వల్ల కాచుకొనడం తనంతట తానే అలవడుతుంది. చున్-లీ నడక వేగం గలది. పోరాట క్రీడలలో ప్రసిద్ధి పొందిన తొలి స్త్రీ పాత్రగా ఆమెకు ప్రత్యేక స్థానం ఉంది. జాంగీఫ్‌ను ఆడడం కష్టం. అతడి ప్రధాన పట్టుకు మీటను గుండ్రంగా పూర్తి చుట్టు త్రిప్పాలి, ఆ చుట్టులో పై దిక్కు తగిలితే యోధుడు ఎగిరిపోతాడు.

ధాల్సిమ్ భారతీయుడు. చేతులు, కాళ్ళు సాగదీసి తెరకు ఆ చివర ఉన్నవాడిని కొడతాడు, నోటినుండి మంట వదలుతాడు. అతడి వేదికపై ఏనుగులు వరుసగా నిలుచుండి ఘీంకరిస్తాయి. తన గ్రామ ప్రజలకు ధనం సమకూర్చడానికి పోరాడుతున్నాడని కథ. మెడలో కపాలాల దండ, నోటిలో మంట యోగసాధన ఎరిగినవారికి నవ్వు తెప్పిస్తాయి. అది దూరాన ఉన్నవారు భారతదేశాన్ని ఊహించుకొన్న తీరు. అయినా ఆటలో అతడి పాత్ర హాస్యానికి పెట్టినది కాదు. దూరాన్ని కొలిచి, ముందుచూపుతో ఆడగలిగినవారి చేతిలో అతడు మిక్కిలి ప్రమాదకారి. కొత్తవారికి మాత్రం తగడు.

ఆటశాల మర్యాదలు

అమెరికాలో ఇద్దరు ఆటగాళ్ళు ఒకే పెట్టె ముందు భుజం భుజం ఆనించి నిలిచేవారు. తరువాత ఆడదలచినవారు తమ నాణేన్ని తెర అంచుపై ఉంచేవారు. అదే వరుస సంఖ్య. గెలిచినవారు నిలుస్తారు, ఓడినవారు తప్పుకొని వరుస చివరకు వెళ్తారు. కనుక ఒక నాణెంతో ఎంతసేపు ఆడగలమన్నది మన నైపుణ్యంపై ఆధారపడేది. జపానులో రెండు పెట్టెలను వీపులు ఆనించి నిలిపేవారు. ఆడుతున్నది ఎవరితోనో ముఖం కనిపించదు, ఆట మాత్రమే కనిపిస్తుంది.

పుస్తకాలు, శిక్షకులు లేని ఆ రోజులలో విద్య అంతా వరుసలో నిలిచి చూడడం వల్లనే వచ్చేది. ఓడినవాడు గెలిచినవాడిని, నీవు చేసినది ఎట్లా అని అడిగేవాడు. చెప్పినవాడికి మరుసటి వారం మరింత బలమైన ప్రత్యర్థి దొరికేవాడు. తనకు తెలిసినది దాచుకొంటే తన ఆటే ఎదగదని ఆ సమాజం త్వరగా గ్రహించింది.

1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణపు ఆటశాలలో టామ్ కానన్, టోనీ కానన్ అనే సోదరులు, వారి మిత్రులు కలసి ‘బ్యాటిల్ బై ద బే’ అనే పోటీ జరిపారు. పాల్గొన్నవారు సుమారు 40 మంది. ఆ పోటీయే 2002లో ‘ఎవల్యూషన్’ అనే పేరును, క్లుప్తంగా ‘ఈవో’ అన్న వ్యవహారాన్ని పొంది, 2005 నుండి లాస్ వేగాస్‌లో జరుగసాగింది. 2023లో అక్కడ ‘స్ట్రీట్ ఫైటర్ 6’ పోటీలో 7 వేల మందికి పైగా పాల్గొన్నారు. జపానులో 2003 నుండి 2012 వరకు ‘తోగెకి’ అనే మహా పోటీ జరిగింది.

ఈ సమాజం తరచుగా స్మరించే ఘట్టం 2004 ఈవోలో జరిగినది. ఆట ఇదే పరంపరలోని ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’. అందులో వెనుకకు కాచుకొనడమే కాక, దెబ్బ తగిలే సరిగ్గా ఆ క్షణాన మీటను ముందుకు త్రోసి దానిని వమ్ము చేసే పద్ధతి ఉంది. జపాను ఆటగాడు డైగో ఉమెహారా ప్రాణశక్తి దాదాపు అడుగంటింది. ఇక ఒక్క ప్రత్యేక దెబ్బను కాచుకొన్నా ఓటమే. అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ చున్-లీతో 15 తన్నుల మహా ప్రయోగం చేశాడు. ఉమెహారా పదిహేనింటినీ ఒక్కొక్కటిగా ముందుకు త్రోసి వమ్ము చేసి, తిరిగి కొట్టి ఆ పోరు గెలిచాడు.

ఆట బ్రతికిన విధం

1993 తరువాతి క్యాప్‌కామ్ ఆటలు ‘సీపీఎస్-2’ అనే బోర్డుపై నడిచేవి. నకళ్ళను అరికట్టడానికి సంస్థ అందులోని సమాచారానికి రహస్య సంకేతాలతో తాళం వేసింది. ఆ తాళపుచెవి ఒక చిన్న బ్యాటరీ శక్తితో నిలిచే స్మృతిలో ఉండేది. బ్యాటరీ క్షీణించిన నాడు తాళపుచెవి చెరిగిపోయి, బోర్డు మరి పనిచేయదు. అనగా ‘సూపర్ టర్బో’ బోర్డులన్నీ కాలక్రమాన మూగబోవలసినవే. 2007లో ఔత్సాహికులు ఆ సంకేత పద్ధతిని ఛేదించారు. ఆ తరువాతి సంవత్సరాలలో మూగబోయిన బోర్డులకు తిరిగి ప్రాణం పోసే విధానాలు కూడా వచ్చాయి.

ఆటశాలలు మూతబడడం రెండవ ఆపద. ప్రక్క మనిషి లేకపోతే ఆటే లేదు. ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్నవారితో ఆడవచ్చును గాని, ఈ ఆట సెకనుకు సుమారు 60 చిత్రాల వేగంతో నడుస్తుంది. సమాచారం వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం రెండు మూడు చిత్రాలంతైనా ఆట తాళం తప్పుతుంది. ఈవో స్థాపకులలో ఒకరైన టోనీ కానన్ 2006లో ‘జీజీపీఓ’ అనే సాఫ్ట్‌వేర్‌తో దీనికి మార్గం చూపారు. ప్రత్యర్థి ఇప్పటివరకు ఏ మీట పట్టి ఉన్నాడో దానినే కొనసాగిస్తాడని యంత్రం ఊహించి ఆటను ఆపకుండా నడుపుతుంది. నిజమైన సమాచారం చేరినప్పుడు ఊహ తప్పినట్లు తేలితే, కొద్ది చిత్రాలు వెనుకకు వెళ్ళి సరిదిద్దుతుంది. ఇదంతా కంటికి కనిపించనంత త్వరగా జరుగుతుంది. 2019లో ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా విడుదల చేశారు. నేటి పోరాట క్రీడలు అనేకం ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

ఇంటిలో మొదలుపెట్టుట

పాత ఆటలను చట్టబద్ధంగా పొందే మార్గాలు ఉన్నాయి. 2018లో విడుదలైన ‘స్ట్రీట్ ఫైటర్ 30వ వార్షికోత్సవ సంపుటి’లో 12 ఆటలు ఉన్నాయి. 2021లో వచ్చిన ‘క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం’లోనూ ‘హైపర్ ఫైటింగ్’, ‘సూపర్ టర్బో’ లభిస్తాయి. పాత ఆటలు కనుక శక్తిమంతమైన కంప్యూటరు అవసరం లేదు. ఉచితమని ఎక్కడెక్కడో దొరికే నకళ్ళు చట్టవిరుద్ధం. వాటి వెంట వైరస్‌లు కూడా రావచ్చు.

ఇద్దరూ ఒకే కీబోర్డుపై ఆడడం మంచిది కాదు. సాధారణ కీబోర్డు ఒకేసారి నొక్కిన అనేక మీటలను గ్రహించలేదు. ఒకరు కీబోర్డుపై, మరొకరు యు.ఎస్.బి. గేమ్‌ప్యాడ్‌పై ఆడితే సరిపోతుంది. ఖరీదైన జాయ్‌స్టిక్ అవసరమేమో ఆరు నెలల తరువాత ఆలోచించవచ్చు.

మొదటి రెండు వారాలకు ఈ క్రమాన్ని సూచిస్తున్నాము. తొలి మూడు రోజులు ప్రత్యేక దెబ్బల జోలికి పోకుండా నడవడం, నిలుచుండి, వంగి కాచుకొనడం మాత్రమే. తరువాతి నాలుగు రోజులు హడోకెన్, రెండు వైపుల నుండి వరుసగా పదిసార్లు తప్పకుండా వచ్చేవరకు. రెండవ వారం షోర్యూకెన్, ఎగిరివచ్చిన వానిని కొట్టడం. ప్రతిరోజూ ముప్పై నిమిషాలు చాలును. ప్రతి ఓటమి తరువాత ఒక్క ప్రశ్న వేసుకొనాలి: ఏ దెబ్బకు ఎక్కువసార్లు పడిపోయాను? మరునాడు దానికొక్కదానికే విరుగుడు నేర్చుకొనాలి.

తల్లిదండ్రులకు రెండు మాటలు

ఫోనులో ఆడే ఆటలన్నిటినీ ఒకే గాట కట్టరాదు. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలు వేరు, ఇవి వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల చట్టం కూడా డబ్బు పందెపు ఆటలను నిషేధిస్తూ, నైపుణ్యపు పోటీలైన ఈ-క్రీడలను వేరుగా గుర్తించింది. స్ట్రీట్ ఫైటర్ 2లో ఒకసారి కొన్న తరువాత చెల్లించవలసినది ఏమీ లేదు. అయితే ఇది కొట్లాట ఆట. చిన్నపిల్లలకు ఇవ్వరాదు. పదమూడేళ్ళు దాటినవారు ఆడవచ్చు, అదీ చదువుకు, నిద్రకు భంగం కలుగని వేళలలో. దూరాన ఉన్న అపరిచితులతో ఆడడం కంటె ఇంటిలోని వారితో, ఇరుగుపొరుగు పిల్లలతో ఆడడం మేలు. తండ్రియో, మేనమామయో ప్రక్కన కూర్చుని రెండు సుత్తులు ఆడితే బిడ్డ ఓటమిని ఎట్లా స్వీకరిస్తున్నాడో కంటికి కనిపిస్తుంది. కోపంతో గేమ్‌ప్యాడ్ విసరివేసేవాడికి ఆటకంటె ముందు నేర్పవలసిన పాఠం వేరే ఉన్నదని తెలుస్తుంది.

ఆటశాల చుట్టూ తిరిగినవాడు చెడిపోతాడన్న మాట జపాను, కొరియాలలోనూ ఒకప్పుడు వినిపించినదే. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ పరంపరలోని అయిదవ ఆటను పతకాంశంగా చేర్చారు. స్వర్ణ పతకం గెలిచినది దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్-వూ. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు. బాల్యంలో ఆటశాలలో నేర్చిన విద్యనే ఆయన అక్కడ ప్రదర్శించారు. ప్రతి పిల్లవాడికీ పతకం రాదు, వస్తుందని ఆశ పెట్టుకొనవలసిన పని కూడా లేదు. కాని శ్రద్ధగా నేర్చిన విద్యకు వయస్సు అడ్డు కాదని ఆ విజయం చూపింది.

ఈ ఆటకు ఇప్పటికీ ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నేర్చుకొని ఊరుకొంటే ఆట ముందుకు సాగదు. కనుక ఆసక్తి గలవారు మొదట ఒక తోడును వెదకుకొనండి, తమకు తెలిసిన ప్రతి క్రమాన్నీ వారికి నేర్పండి. వారు మిమ్ములను ఓడించిన రోజున మీ ఆట కూడా ఒక మెట్టు పైకి ఎక్కినట్లే.